చెడ్డవాళ్ళు బాగుపడుతుంటే బాధపడటం అవిశ్వాసమా?

వేకువచుక్క:
చెడ్డవాళ్ళను చూసి కుళ్ళుకోవద్దనే మాటతోనే బైబిల్లో 37వ కీర్తన మొదలవుతుంది. నాకు ఎప్పుడూ అదే చూపిస్తారు. నాన్నగారు మంచాన పడ్డప్పుడు అన్నయ్య ఏవో కాగితాల మీద ఆయన వేలిముద్ర వేయించి, ఇల్లు తన పేర రాయించుకున్నాడు. నాన్నగారి బొటనవేలికి అంటిన సిరా సబ్బు పెట్టి కడిగింది నేనే. అదెందుకో అప్పుడు తెలియదు. ఈరోజు అన్నయ్యకు ఏ లోటూ లేదు. మా చర్చి సంఘంలో అందరిదీ ఒకటే మాట: "దేవుడికి వదిలెయ్యమ్మా, అసూయ పెట్టుకోకు." నాది అసూయేనంటారా?

నిక్కచ్చి:
మీ బాధ అర్థమైంది. కానీ వాక్యం వాక్యమే. అదే కీర్తన 25వ వచనం చూడండి. చిన్నతనం నుంచి ముసలితనం దాకా నీతిమంతుడు విడిచిపెట్టబడటం తాను చూడలేదంటున్నాడు ఆ కీర్తన పాడిన దావీదు. ఇల్లు పోయినా మీరు రోడ్డున పడలేదు కదా?

గాలివాటం:
మా మేనేజరూ ఇంతే. ఎన్ని చేసినా ఏటా ప్రమోషనే.

సాదాసీదా:
దావీదు చూడలేదా? సౌలు రాజు నుంచి పారిపోతూ ఆకలితో యాజకుల ఊరు నోబుకు వస్తే, అక్కడి యాజకుడు అహీమెలెకు రొట్టె పెట్టాడు. పెట్టిన పాపానికి సౌలు మాట మీద అతని సేవకుడు దోయేగు ఒక్క రోజులో 85 మంది యాజకులను నరికేశాడు (1 సమూయేలు 22). 25వ వచనం ఒక పెద్దాయన తన జీవితమంతా చూసుకుని ఇచ్చిన సాక్ష్యం. మిక్సీతో వచ్చే గ్యారంటీ కార్డు కాదు. 73వ కీర్తన పాడిన ఆసాపు తనకు అసూయ పుట్టిందని, కాలు జారబోయిందని దాచకుండా చెప్పాడు. దుర్మార్గులెందుకు వర్ధిల్లుతున్నారని యిర్మీయా ప్రవక్త అయితే దేవుణ్ణే నిలదీశాడు.

నిక్కచ్చి:
ఆసాపు అక్కడే ఆగిపోలేదు సార్. పరిశుద్ధ స్థలంలోకి వెళ్ళాక వాళ్ళ అంతం ఏమిటో తెలిసింది. ఇక అహీమెలెకు చంపబడ్డాడు, విడిచిపెట్టబడలేదు. రెండూ ఒకటి కాదు. 25వ వచనానికి మీ దగ్గర జవాబు లేదు.

వేకువచుక్క:
ఆ వచనాన్ని కాసేపు వదిలిపెట్టండి బాబూ. నేనడిగింది అది కాదు.

నిక్కచ్చి:
మీరు కేసు వేశారని ఇక్కడే వేరే చర్చలో రాశారు. సోదరుడి మీద, అంటే తోటి విశ్వాసి మీద, సోదరుడు కోర్టుకెక్కడం ఏమిటని 1 కొరింథీయులు 6లో కొరింథు సంఘానికి రాస్తూ పౌలు తిట్టాడు. అన్యాయం సహించడమే మేలన్నాడు. దేవుణ్ణి నమ్ముకున్నవాళ్ళకు లాయరుతో పనేంటి?

గాలివాటం:
అయిపోయింది. ఇక తెల్లారినట్టే.

వేకువచుక్క:
అదే అధ్యాయం 5వ వచనం ఎందుకు దాటేశారు? సోదరుల మధ్య తీర్పు చెప్పగల బుద్ధిమంతుడు మీలో ఒక్కడైనా లేడా అని పౌలు సంఘానికే గడ్డిపెట్టాడు. నేను ముందు వెళ్ళింది పెద్దల దగ్గరికే. కాగితాలు ఒక్కసారి చూడమని బతిమాలాను. ఫైలు విప్పకుండానే, దాని మీద చేతులు పెట్టి ప్రార్థన చేసి పంపించేశారు. ఆ తర్వాత కొన్నాళ్ళకే అన్నయ్య కమిటీ సభ్యుడు. కానుకలు బాగా ఇస్తాడు మరి! ఆయన డబ్బు చూసి నాకు కుళ్ళు లేదు. ఆయనకు శాలువా కప్పిన చేతులతోనే నాకు ఓర్పు గురించి కరపత్రం ఇచ్చారు. నా కడుపుమంట అది.

సాదాసీదా:
ఇదీ అసలు సంగతి! ఇంతసేపూ మనం మాట్లాడింది వేరే. నోబు నుంచి అహీమెలెకు కొడుకు అబ్యాతారు ఒక్కడే తప్పించుకుని వచ్చాడు. అతనికి దావీదు ఓర్పు పాఠం చెప్పలేదు. మీ ఇంటివాళ్ళ చావుకు కారణం నేనేనన్నాడు, భయపడకు, నా దగ్గరే ఉండమన్నాడు. కుళ్ళుకోవద్దని పాడే హక్కు అలాంటివాడికి ఉంది. ఫైలు విప్పనివాళ్ళకు ఎక్కడిది?

నిక్కచ్చి:
పెద్దలది తప్పే అనుకుందాం. వాళ్ళ తప్పు మీకు పర్మిషన్ అయిపోదు. నష్టం భరించమన్న 7వ వచనాన్ని చెరిపేస్తామా? పోనీ, కేసు గెలిస్తే అన్నయ్య మీద కోపం పోతుందా?

వేకువచుక్క:
పోకపోవచ్చు. కోపం పోవడానికి ప్రార్థన చేస్తున్నాను, ఇంటి కోసం కేసు వేశాను. పౌలు కూడా రోమా చక్రవర్తి కైసరు దగ్గరే చెప్పుకుంటానన్నాడు కదా?

నిక్కచ్చి:
అది సోదరుడి మీద కాదు.

సాదాసీదా:
కదల్లేని మనిషి వేలు పట్టుకుని ముద్ర వేయించినవాడు ఏ లెక్కన సోదరుడండీ?

నిక్కచ్చి:
అది తేల్చాల్సింది సంఘం, కోర్టు కాదు.

వేకువచుక్క:
తేల్చమనే కదండీ వాళ్ళ దగ్గరికి వెళ్ళింది!