ఉల్లి మొగ్గల్లో మొదటి చలనదశ కనిపించడం లేదు: ఏ వేళకు కోయాలి?

హైదరాబాద్‌లో డిగ్రీ విద్యార్థుల ప్రయోగాల కోసం ఉల్లి పూమొగ్గల నుంచి క్షయకరణ విభజన (క్రోమోజోముల సంఖ్యను సగానికి తగ్గించే కణవిభజన) స్లైడ్లు తయారు చేస్తున్నాను. ఉల్లిలో క్రోమోజోములు 16 కాబట్టి మొదటి చలనదశలో, అంటే ఎనాఫేజ్-1లో, సమజాత క్రోమోజోములు (జనక మొక్కల నుంచి ఒక్కొక్కటిగా వచ్చిన జతలు) విడిపోయి ఎనిమిదేసి చొప్పున రెండు ధ్రువాలకు చేరాలి. సెంట్రోమియర్ (క్రోమోజోము నొక్కు) దగ్గర అతికించి ఉంచే కోహెసిన్‌ను షుగోషిన్ ప్రోటీన్ కాపాడడం వల్ల సోదర క్రోమాటిడ్లు, అంటే ఒకే క్రోమోజోము రెండు నకళ్లు, మాత్రం జంటగానే ఉంటాయి. వేరుకొనలో చూపించే, సోదర క్రోమాటిడ్లే విడిపోయే సమవిభజనకూ దీనికీ అసలైన తేడా అదే కనుక, విద్యార్థులు దాన్ని బొమ్మలో కాక కణంలోనే చూడాలని నా కోరిక.

మొయినాబాద్ వైపు పొలంలో, ఫిబ్రవరిలో, ఉదయం 9, 10 గంటల మధ్య మొగ్గలు కోసి, మూడు పాళ్లు ఇథైల్ ఆల్కహాల్, ఒక పాలు గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లం కలిపిన ద్రావణంలో 24 గంటలు ఉంచి, ఆపై 70 శాతం ఆల్కహాల్‌లోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టాను. రంజనానికి 2 శాతం ఎసిటోకార్మిన్ వాడాను. 4 మిల్లీమీటర్లు దాటిన మొగ్గల్లో చతుష్కాలు (విభజన ముగిశాక ఏర్పడే నాలుగు కణాల గుంపులు) లేదా పుప్పొడి రేణువులు, చిన్నవాటిలో ప్రథమదశ (విభజన తొలిదశ) మాత్రమే కనిపిస్తున్నాయి. ఒకే పువ్వులోని ఆరు పరాగకోశాలను విడివిడిగా నలిపి చూశాను, ఫెర్రిక్ క్లోరైడ్ చుక్క కూడా కలిపాను. రంగు ముదిరిందే తప్ప ఆ దశ దొరకలేదు. ప్రథమదశలో క్రోమోజోములు స్పష్టంగానే ఉన్నాయి కనుక రంజనంలో లోపం లేదనుకుంటున్నాను.

మన ప్రాంతపు ఎండల్లో ఉల్లి మొగ్గల నుంచి ఎనాఫేజ్-1 చూడగలిగినవారు, ఏ గంటకు, ఎంత పొడవున్న మొగ్గలను కోశారో దయచేసి చెప్పగలరా?