పరిచయ వాక్యాలలో ‘ఈజ్’ ఎందుకు జారిపోతోంది?

ప్రశ్న:
మా ఊరి గ్రంథాలయంలో సాయంత్రం పూట పన్నెండుమంది డ్వాక్రా సంఘం మహిళలకు ఇంగ్లీషు చెబుతున్నాను. చాలామందికి ఏబీసీడీలు కూడా ఈ మధ్యనే పట్టుబడ్డాయి. మూడు వారాలుగా పరిచయ వాక్యాలే చెప్పిస్తున్నాను. అందరూ కలిసి ‘మై నేమ్ ఈజ్’ అని గది దద్దరిల్లేలా అంటారు గానీ, ఒక్కొక్కరినే లేపి అడిగితే ‘మై నేమ్ లక్ష్మి’ అనో ‘మైసెల్ఫ్ లక్ష్మి’ అనో గొణిగి తల దించుకుంటున్నారు. ప్రతిసారీ సరిదిద్దితే నోరు విప్పడమే మానేస్తారేమోనని భయంగా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు 1:
అది వారి అజాగ్రత్త కాదండీ. ‘నా పేరు లక్ష్మి’, ‘మాది తెనాలి’ అనే మన వాక్యాలలో క్రియాపదమే లేదు, లేనందువల్ల అర్థానికి లోటూ లేదు. అందువల్ల తెలుగు వాక్యాన్ని మనసులో పెట్టుకుని మాటకు మాట మార్చుకునేవారికి అక్కడ ఏదో తగ్గిందని తోచదు. నేను వ్యాకరణం జోలికి పోకుండా ‘నేమీజ్’ అని ఒకే మాటలా పలికిస్తాను. వేగంగా మాట్లాడేటప్పుడు ఇంగ్లీషువారి నోటా అది అలాగే కలిసిపోతుంది. విడదీసి బోర్డు మీద రాయడం తరువాత చూసుకోవచ్చు. ‘మైసెల్ఫ్’ను మాత్రం తప్పని చెప్పకుండా, మీరు సరైన వాక్యాన్ని తిరిగి అని ముందుకు సాగిపోండి.

జవాబు 2:
పై సూచన బాగుంది. అయితే మీ దగ్గర నేర్చుకునేవారికి జవాబు కంఠతా వచ్చింది గానీ ప్రశ్న వినడం రాలేదేమోనని నా అనుమానం. నా దగ్గర చదువుకున్న ఒక టైలరమ్మ, కూతురిని చూడడానికి నగరానికి వెళ్ళినప్పుడు, కాపలాదారు ‘యువర్ నేమ్?’ అనగానే బిక్కమొహం వేశారట, ఎందుకంటే నేను నేర్పినది ‘వాట్ ఈజ్ యువర్ నేమ్?’ ఒక్కటే. తప్పు నాదే. పైగా ఒకే ఊరివారు ఒకరి పేరు ఒకరు అడగడం ఉత్త నవ్వులాట. అందుకని ఇప్పుడు తలా ఒక చీటీ ఇచ్చి, దాని మీద కొత్త పేరు, కొత్త ఊరు రాసి, చేసే పనిని బొమ్మగా గీస్తున్నాను. చీటీ దాచుకున్న మనిషిని అడిగితే తప్ప తెలియదు కనుక ప్రశ్న నిజమైన ప్రశ్న అవుతుంది. పని గురించి ‘ఐ స్టిచ్ బ్లౌజెస్’ అని చెప్పిస్తే, ‘ఐ యామ్ ఎ టైలర్’లో మన భాషకు లేని ఆ ‘ఎ’తో తంటా ఉండదు.

ప్రశ్న వేసినవారు:
నిన్న చీటీలు పంచాను. విజయనగరం చీటీ వచ్చినావిడ ‘మై నేమీజ్ పార్వతి’ అని తడుముకోకుండా చెప్పి, తన అసలు పేరుకు వచ్చేసరికి మళ్ళీ ‘ఈజ్’ మింగేశారు. ఇంటిపేరు ముందు చెప్పించాలా, తరువాతా?

జవాబు 1:
పలకరింపులో ఇంటిపేరు అక్కరలేదు. ఫారాలు నింపే పాఠం వచ్చినప్పుడు, ఆధార్ కార్డులో ఉన్న వరుసను చూసి రాయించండి.