కిందికి దించిన పికప్‌కు పెద్ద బ్రేకులు, గట్టి సస్పెన్షన్ వేయించాలా?

ప్రశ్న: విజయనగరం నుంచి, పెళ్లి మండపాల అలంకరణ చేసే సభ్యుడు

మిత్రులకు నమస్కారం. నా దగ్గర 2013 మోడల్ డీజిల్ పికప్ ఉంది. ముందు డిస్క్ బ్రేకులు, టార్షన్ బార్లు (మెలిపడుతూ స్ప్రింగులా పనిచేసే కడ్డీలు). వెనుక డ్రమ్ము బ్రేకులు, కమాన్ కట్టలు (ఇనుప పట్టీల స్ప్రింగులు). బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ లేదు. నాకు అమ్మినాయన చూడడానికి బాగుంటుందని ముందు టార్షన్ బార్ బోల్టులు వదులు చేయించి, వెనుక కట్టల్లో రెండేసి పట్టీలు తీయించి, బండిని దాదాపు మూడు అంగుళాలు దించాడు. జనరేటరు, స్టేజీ ఫ్రేములు ఎక్కించడానికి ఆ ఎత్తు నాకూ వీలుగా ఉండడంతో అలాగే వాడుకుంటున్నాను.

పోయిన మాఘమాసంలో కొరాపుట్‌లో ఒక పెళ్లి పని ముగించుకుని సుంకి ఘాట్ మీదుగా సాలూరు వైపు దిగుతుండగా, సగం దారిలో బ్రేకు పెడల్ మెత్తబడి దాదాపు అడుగుదాకా దిగిపోయింది. గబగబా నాలుగుసార్లు తొక్కితే కొంత పట్టింది. పక్కన ఆపి అరగంట కూర్చున్నాక ఏమీ జరగనట్టే మామూలైపోయింది. ఇది కాక, గజపతినగరం దగ్గర వానలో ఖాళీ బండితో బ్రేకు వేసినప్పుడు వెనుక చక్రాలు జారి బండి అడ్డం తిరగబోయింది. చిన్న గుంతలో పడినా ముందువైపు ఇనుము ఇనుముకు తగిలినంత దెబ్బ వినిపిస్తోంది.

పెద్ద బండిది రెండు పిస్టన్ల క్యాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం), పెద్ద డిస్కు తెచ్చి బిగించి, లావు టార్షన్ బార్లు కూడా వేస్తానని ఒక మెకానిక్ చెప్పి అడ్వాన్సు తీసుకున్నాడు. ఖర్చుకు వెనకాడను కానీ, ఈ క్రమం సరైనదేనా?

సమాధానం: సాలూరు నుంచి, లారీ మెకానిక్

బాబూ, ఆ ఘాట్ దిగి వచ్చిన బండ్లనే ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను. మీరు చెప్పిన లక్షణంలోనే సగం జవాబు ఉంది. పెడల్ గట్టిగానే ఉండి బండి ఆగకపోతే ప్యాడ్లు వేడెక్కి పట్టు కోల్పోయాయనో, కాలి బలాన్ని పెంచే బూస్టర్‌కు వాక్యూమ్ అందడం లేదనో అనుమానించాలి. మీ పెడల్ మెత్తబడింది, గబగబా తొక్కితే లేచింది, చల్లారాక బాగుపడింది కాబట్టి బ్రేక్ ఆయిల్ మరిగి లైన్లో ఆవిరి చేరిందన్నమాట. ఆయిల్‌ను నొక్కితే కుదించుకుపోదు, ఆవిరి కుదించుకుపోతుంది. అందుకే మీ కాలి బలం చక్రాల దాకా చేరలేదు.

కొరాపుట్ సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. సామానుతో రెండు టన్నుల బండి 700 మీటర్లు దిగినప్పుడు పుట్టే శక్తి మొత్తం వేడిగా మారితే, మీ పెళ్లి వంటల గుండిగలో 45 లీటర్ల చన్నీళ్లు మరిగిపోతాయి. ఇంజిన్ అందులో ఎంత మోస్తే బ్రేకులకు అంత తేలిక. ఎక్కడానికి ఏ గేరు వాడారో దిగడానికీ అదే వాడండి. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దిగేవాళ్లు మా ఊళ్లో ఇప్పటికీ ఉన్నారు, వాళ్లతో వాదించడం మానేశాను.

డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కొత్తదైతే కనీసం 205 డిగ్రీల వరకు మరగదు, తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోతుంది. డాట్ 4కు ఈ అంకెలు 230, 155. రెండేళ్లకోసారి మార్చాలనేది అందుకే. మీ బండిలో ఆయిల్ చివరిసారి ఎప్పుడు మార్చారో మీకు తెలుసా?

సమాధానం: శ్రీకాకుళం నుంచి, ఆటోమొబైల్ పాఠాలు చెప్పే అధ్యాపకుడు

పైన పెద్దాయన చెప్పినదానితో ఏకీభవిస్తూ, వెనుక చక్రాలు జారిన సంగతి విడిగా చూడాలని మనవి. ఏబీఎస్ లేని చాలా పికప్‌లలో వెనుక యాక్సిల్‌కు (చక్రాల ఇరుసుకు) ఒక చిన్న కడ్డీతో కలిపిన లోడ్ సెన్సింగ్ వాల్వ్ ఛాసిస్‌కు బిగించి ఉంటుంది. బరువు వేస్తే ఛాసిస్ యాక్సిల్‌కు దగ్గరవుతుంది, కడ్డీ పైకి లేస్తుంది, అప్పుడు వాల్వ్ వెనుక డ్రమ్ములకు ఎక్కువ ప్రెషర్ వదులుతుంది. మీ బండిలో పట్టీలు తీసేయడం వల్ల ఖాళీగా ఉన్నప్పుడు కూడా ఛాసిస్ కిందికే ఉంది. పాపం ఆ వాల్వ్ బండి నిండా సరుకు ఉందని నమ్మి, బరువే లేని వెనుక చక్రాలను గట్టిగా పట్టేస్తోంది.

పెద్ద క్యాలిపర్ విషయంలో ఒక లెక్క చూడండి. పిస్టన్ వ్యాసం 54 మిల్లీమీటర్ల నుంచి 60కి పెరిగితే వైశాల్యం సుమారు 23 శాతం పెరుగుతుంది. పట్టు పెరుగుతుంది, నిజమే. కానీ అంత ఆయిల్‌నూ పెడల్ కింద పనిచేసే అదే మాస్టర్ సిలిండర్ నెట్టాలి కాబట్టి పెడల్ ఇంకా లోతుకు దిగుతుంది. లావు మాస్టర్ సిలిండర్ వేస్తే కాలికి బరువెక్కుతుంది. ఒకటి మారిస్తే రెండోది, రెండోది మారిస్తే మూడోది మార్చాల్సి వస్తుంది. పైగా మరిగే ఆయిల్ పెద్ద క్యాలిపర్‌లోనూ మరుగుతుంది.

టార్షన్ బార్ గట్టిదనం దాని వ్యాసానికి నాలుగో ఘాతంగా పెరుగుతుంది. 25 మిల్లీమీటర్ల బార్ తీసి 27 వేస్తే, కంటికి కనిపించని ఆ రెండు మిల్లీమీటర్లకే 36 శాతం గట్టిపడుతుంది. బోల్టు తిప్పితే మారేది ఎత్తే తప్ప గట్టిదనం కాదు. మీరు వింటున్న దెబ్బ బార్ మెత్తదనం వల్ల వస్తున్నది కాదు. దించిన బండిలో చక్రాన్ని పట్టి ఉంచే లోయర్ ఆర్మ్‌కూ, అది మరీ పైకి లేవకుండా ఆపే బంప్ రబ్బరుకూ మధ్య ఖాళీ మిగలలేదు. బ్రేకు వేయగానే ముందు భాగం వంగి ఆ కాస్త ఖాళీ కూడా పోతుంది. అప్పుడు స్ప్రింగ్ పని రబ్బరు చేస్తుంది, టైరు గతుకుల మీద ఎగురుతుంది, ఎగిరిన టైరు బ్రేకును అందుకోలేదు. కాబట్టి ఎత్తు సరిచేయడమే మీకు మొదటి బ్రేకు మరమ్మతు.

సమాధానం: నరసన్నపేట నుంచి

ఎనిమిదేళ్లు దాటిన సరుకు బండికి ఏటా ఫిట్‌నెస్ పరీక్ష ఉంటుంది కదా. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్‌లోని వివరాలు కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నమయ్యేలా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో మరోసారి స్పష్టం చేసింది. ప్రమాదం జరిగితే బీమా వాళ్లు వెతికేది ఇలాంటి మార్పులనే.

మళ్లీ ప్రశ్న అడిగిన సభ్యుడు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న బండిని గుంత మీద నిలబెట్టి నేనే కిందికి దిగి చూశాను. వాల్వ్ కడ్డీ పైకి లేచి, మట్టి పట్టి అక్కడే బిగుసుకుపోయి ఉంది. డబ్బాలోని ఆయిల్ కాఫీ డికాక్షన్ రంగులో ఉంది. ఎప్పుడు మార్చారో నాకు తెలియదని ఒప్పుకుంటున్నాను. ఎడమ బంప్ రబ్బరు సగం చిరిగిపోయింది. డిస్కు మందం మాత్రం అంచు మీద చెక్కిన కనీస కొలతకు పైనే ఉంది. వెనుక పట్టీలు తిరిగి వేయించి, ముందు బోల్టులు బిగించి ఎత్తు పాతస్థితికి తెచ్చి, వాల్వ్ శుభ్రం చేయించాలని నిర్ణయించుకున్నాను. ఆయిల్ మార్చేటప్పుడు ప్రత్యేకంగా గమనించాల్సింది ఏమైనా ఉందా?

సమాధానం: సాలూరు నుంచి, లారీ మెకానిక్

ఉంది. వెనుక చక్రాలు వేలాడేలా ఛాసిస్‌ను జాకీ మీద ఎత్తి బ్రేకు లైన్లలోని ఎయిర్ (గాలి) తీయనివ్వకండి. యాక్సిల్ కిందికి వేలాడితే బండి ఖాళీగా ఉందనుకుని వాల్వ్ వెనుక లైనును బిగించేస్తుంది, ఎయిర్ లోపలే ఉండిపోతుంది. బండి బరువు చక్రాల మీదే ఉండాలి. ముందు రబ్బరు హోస్‌లు పగుళ్లు వేసి ఉంటే అవీ మార్చండి. ఎత్తు సరిచేసిన రోజే వీల్ అలైన్‌మెంట్ చేయించండి, లేదంటే నెలలో టైరు ఒక పక్క అరిగిపోతుంది. కొత్త ప్యాడ్లు వేస్తే ఖాళీ రోడ్డు మీద 50 వేగం నుంచి 10కి, పూర్తిగా ఆపకుండా, పదిసార్లు నెమ్మదిగా తగ్గించి, ఆ తరువాతే ఘాట్ ఎక్కండి.

ప్రశ్న అడిగిన సభ్యుడు, మూడు వారాల తరువాత

నిన్న పొట్టంగి దాకా బరువుతో వెళ్లి వచ్చాను. రెండో గేరులోనే దిగాను. పెడల్ చివరిదాకా ఒకే ఎత్తున నిలిచింది, ముందువైపు దెబ్బ కూడా పోయింది. ఖాళీ బండితో తడి రోడ్డు మీద ఇంకా పరీక్షించలేదు. జనరేటరు ఎక్కించడానికి మాత్రం ఇప్పుడు ఇద్దరికి బదులు ముగ్గురు కావలసి వస్తోంది. పెద్ద క్యాలిపర్ కోసం ఇచ్చిన అడ్వాన్సు ఇంకా చేతికి రాలేదు.