చిరుధాన్యాల జంతికలకు ప్యాకింగ్: క్రాఫ్ట్ పౌచ్, కంపోస్టబుల్ పౌచ్, గాజు సీసా... ఏది నిజంగా మేలు?

జంతికల_డబ్బా:
విశాఖపట్నం సీతమ్మధారలో మాది చిన్న బ్రాండ్. రాగి, జొన్న జంతికలు, చేగోడీలు 200 గ్రాముల ప్యాకెట్లలో నెలకు సుమారు 600 అమ్ముడవుతున్నాయి. సగం ఊళ్లోనే, మిగతావి కొరియర్‌లో హైదరాబాద్, బెంగళూరు వెళ్తాయి. 45 రోజులు కరకర పోకూడదు. డిజైనర్ చెప్పింది కిటికీ ఉన్న గోధుమరంగు క్రాఫ్ట్ పేపర్ పౌచ్, దాని మీద ఆకుపచ్చ ఆకు గుర్తు, కింద 'ఎకో ఫ్రెండ్లీ' అని. సప్లయర్ మాత్రం 'కంపోస్టబుల్ (కుళ్లి ఎరువయ్యే) పౌచ్ తీసుకోండి, ధర ఎక్కువైనా పేరొస్తుంది' అంటున్నాడు. గాజు సీసా మూడో ఆలోచన. ఏది తీసుకోమంటారు?

సీలింగ్_బార్:
ముందు ఆ క్రాఫ్ట్ పౌచ్ ఒకటి తెచ్చి, అంచు చించి, రాత్రంతా నీళ్లలో నానబెట్టండి. పొద్దున్నకి కాగితం ఊడి లోపలి ప్లాస్టిక్ పొర విడిగా తేలుతుంది. నూనె సరుకు పెట్టే క్రాఫ్ట్ పౌచ్‌కి లోపల పొర ఉండి తీరాలి, లేకపోతే రెండో రోజుకే నూనె మరకలు. కాగితాన్నీ ప్లాస్టిక్‌నీ జిగురుతో అతికించేశాక దాన్ని కాగితం మిల్లూ తీసుకోదు, ప్లాస్టిక్ కొనేవాడూ తీసుకోడు. చూపుకి పల్లెటూరు, లోపల ప్లాస్టిక్కే. గోధుమరంగుని ప్లాస్టిక్ మీద అచ్చేసి కాగితంలా అమ్మే పౌచ్‌లు కూడా ఉన్నాయి, అది మరీ ఘోరం.

కిటికీతో ఇంకో చిక్కు. వెలుతురు తగిలితే నూనె తొందరగా పాడై పాత నూనె వాసన కొడుతుంది.

నేనైతే ఒకే జాతి ప్లాస్టిక్‌తో పోతాను. పైన 20 మైక్రాన్ల బీఓపీపీ (సాగదీసి చేసిన పొర), లోపల 40 మైక్రాన్ల సీపీపీ (సాగదీయని, వేడికి అతుక్కునే పొర). రెండూ పాలీప్రొపిలీనే, ప్లాస్టిక్ రకం చెప్పే అంకె 5. వెలుతురు ఆపడానికి మెటలైజ్డ్ (పల్చటి లోహపు పూత ఉన్న) బీఓపీపీ అడగండి. అలాగని దీన్ని గుజిరీ కొట్టువాడు తప్పకుండా కొంటాడని కాదు, పల్చటి కవర్లకి బరువుండదు, అతనికి గిట్టదు. క్రాఫ్ట్‌తో పోలిస్తే మళ్లీ కరిగించే వీలైనా మిగులుతుంది, అంతే.

తడిపొడి:
కంపోస్టబుల్ సంగతి. ఇవి ఎక్కువగా పీఎల్ఏ (మొక్కల పిండి నుంచి తీసే ప్లాస్టిక్) లాంటి వాటితో చేస్తారు. కంపోస్టబుల్ అనడానికి పెట్టే ఐఎస్/ఐఎస్ఓ 17088 ప్రమాణం పరీక్ష అంటే కంపోస్టు ప్లాంటులో, దాదాపు 58 డిగ్రీల వేడి దగ్గర కుళ్లడం. పెరట్లో గుంట తీసి పాతితే అది జరగదు. పొడి చెత్తలో పడేస్తే బండెక్కి కాపులుప్పాడ వైపు పోతుంది, అక్కడున్నది చెత్త కాల్చి కరెంటు తీసే 15 మెగావాట్ల ప్లాంటు. ఎక్కువ ధర పెట్టి కొన్నది అక్కడ మామూలు కవరుతో సమానం. పైగా పీఎల్ఏ తేమని సరిగా ఆపదు. సముద్రం పక్కన ఊళ్లో 45 రోజుల కరకర దానివల్ల కాదు.

సప్లయర్‌ని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి (సీపీసీబీ) సర్టిఫికెట్ అడగండి. చూపించలేకపోతే చిన్న పరీక్ష చేయండి: ముక్క కత్తిరించి, బుడగలు అంటకుండా నీళ్లలో ముంచి వదలండి. పాలిథిన్, పాలీప్రొపిలీన్ తేలతాయి. పీఎల్ఏ మునుగుతుంది. పెట్ (నీళ్ల సీసాల ప్లాస్టిక్) కూడా మునుగుతుంది కాబట్టి మునిగినంత మాత్రాన నమ్మక్కర్లేదు, తేలితే మాత్రం అది ఒట్టి పీఎల్ఏ కాదు.

జంతికల_డబ్బా:
తెచ్చిన శాంపిల్ తేలింది! సర్టిఫికెట్ అడిగితే 'పంపుతాను' అన్నాడు, ఇంకా రాలేదు. మరి ఊళ్లో ఆర్డర్లకి గాజు సీసా ఎలా ఉంటుందండి? పండగ గిఫ్టులకి ఏటికొప్పాక చెక్క డబ్బాలు అనుకుంటున్నాం.

అచ్చుపని:
200 గ్రాముల జంతికలకి లీటరు సీసా పట్టవచ్చు, దాని బరువే లోపలి సరుకుని మించుతుంది. కొరియర్‌లో వద్దే వద్దు. ఎంవీపీ కాలనీ, సీతమ్మధార లాంటి దగ్గరి ఇళ్లకి, సీసాకి డిపాజిట్ తీసుకుని, ఖాళీ సీసా వెనక్కి వచ్చేటట్టయితేనే అర్థం ఉంది. వెనక్కి రాని సీసా కవరు కంటే భారం. కడిగాక పూర్తిగా ఆరాలి, మూత లోపలి లైనర్‌కి నూనె వాసన పట్టి ఉంటే మూత మార్చాల్సిందే.

చెక్క డబ్బాలు ముచ్చటగా ఉంటాయి, అంకుడు కర్ర, లక్క పూత. కానీ గాలి చొరకుండా మూసుకోవు, సరుకు లోపల పౌచ్‌లోనే ఉండాలి. ఏటికొప్పాక బొమ్మలకి 2017లో జీఐ (ఊరి పేరుకి చట్టరక్షణ ఇచ్చే భౌగోళిక గుర్తింపు) వచ్చింది, కాబట్టి వేరేచోట చేసిన డబ్బా మీద ఏటికొప్పాక పేరు వేయకండి. గిఫ్టు పెట్టె చుట్టూ మెరిసే ప్లాస్టిక్ పొర చుట్టించకండి, స్వీటు పెట్టెలకి అది 2022 జులై 1 నుంచి నిషేధం.

ఇక ఆ 'ఎకో ఫ్రెండ్లీ'. తీసేయండి. 2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ గ్రీన్‌వాషింగ్ (లేని పర్యావరణ మేలు ఉన్నట్టు చెప్పుకోవడం) మీద మార్గదర్శకాలు ఇచ్చింది. 'గ్రీన్', 'ఎకో ఫ్రెండ్లీ' లాంటి మాటలు ఒంటరిగా వేయకూడదు, వివరం, రుజువు పక్కనే ఉండాలి. తప్పుదారి పట్టించే ప్రకటనకి మొదటిసారి 10 లక్షల రూపాయల వరకు జరిమానా వేసే అధికారం 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోనే ఉంది. ఆకు గుర్తు కూడా వద్దు, పక్కనే శాకాహార ఆకుపచ్చ చుక్క ఉంటుంది, రెండూ కలిసి గందరగోళం. బదులుగా ఇలా రాయండి: 'పౌచ్ పాలీప్రొపిలీన్‌ది (5). నూనె తుడిచి పొడి చెత్తలో వేయండి.' ఇంతకు మించి ఒక్క మాట అవసరం లేదు.

లేబుల్ కాగితానిది కాకుండా పాలీప్రొపిలీన్‌దే వాడండి, లేకపోతే ఒకే జాతి అన్న మాట అక్కడే చెడుతుంది. నెలకు 600కి గ్రావ్యూర్ సిలిండర్లు (పౌచ్ మీద అచ్చేసే చెక్కిన రోలర్లు) చేయించొద్దు, ప్రింటు లేని పౌచ్ మీద లేబుల్ చాలు. రుచులు మారినా పాత పౌచ్‌లు గుట్టపడవు.

సీలింగ్_బార్:
రెండు జాగ్రత్తలు. పాలీప్రొపిలీన్‌కి పాలిథిన్ కంటే వేడి ఎక్కువ కావాలి, అలాగని మరీ పెంచితే పై పొర ముడుచుకుంటుంది. ఐదేసి డిగ్రీలు పెంచుతూ పది పౌచ్‌లు పాడుచేసుకుని చూసుకోండి. సీలు 10 మిల్లీమీటర్ల వెడల్పు ఉండాలి, మూతి దగ్గర జంతికల పొడి తుడిచాకే వేయాలి. లీకులు ఎక్కువ వచ్చేది ఆ పొడి వల్లే. సీలు వేసిన ప్యాకెట్ బకెట్ నీళ్లలో ముంచి నొక్కితే బుడగలు చెబుతాయి.

పౌచ్‌లని పోల్చాలంటే ఒక్కోదాంట్లో తేమ పీల్చే సిలికా జెల్ బాగా ఆరినది 50 గ్రాములు వేసి, సీలు చేసి, 0.1 గ్రాము చూపే కాటా మీద మూడు రోజులకోసారి తూచండి. పెరిగిన బరువంతా లోపలికి వచ్చిన తేమే. క్రాఫ్ట్‌కి మాత్రం పక్కన ఖాళీ పౌచ్ ఒకటి సీలు చేసి పెట్టండి, కాగితం తనంతట తానే తేమ పీలుస్తుంది, ఆ బరువు తీసేయాలి.