52 మిగిలినప్పుడు 20 వేయాలా, 12 వేయాలా?

ప్రశ్న:
501 డార్టుల ఆటలో (501 నుంచి తగ్గించుకుంటూ, చివరి డార్టు డబుల్‌లో, అంటే బోర్డు అంచునున్న రెట్టింపు వలయంలో, పడేలా సరిగ్గా సున్నాకు చేరాలి) చేతిలో మూడు డార్టులుండి 52 మిగిలినప్పుడల్లా నేను 20 వేసి 32కు దిగుతున్నాను. మా క్లబ్బులో ఒక పెద్దాయన మాత్రం 12 వేసి 40 మిగుల్చుకోవడమే మేలంటారు. ఏది సరైనదో, ఎందుకో వివరించగలరా?

మొదటి జవాబు:
నేనైతే 32నే ఎంచుకుంటాను. డబుల్ 16కు వేసిన డార్టు కాస్త లోపలికి పడి 16 మాత్రమే వచ్చినా డబుల్ 8 మిగులుతుంది, అదీ అలాగే తప్పితే డబుల్ 4, ఆ తరువాత డబుల్ 2, డబుల్ 1 వరకు సరిసంఖ్యలే వస్తాయి. 40లో అయితే డబుల్ 20, డబుల్ 10 దాటి డబుల్ 5 దగ్గర 5 పడిందంటే, బేసిని సరిచేయడానికే మరో డార్టు ఖర్చవుతుంది.

రెండో జవాబు:
ఆ లెక్క నిజమే గానీ, మొదటి డార్టు సంగతీ చూడాలి. 20కి గురిపెట్టినప్పుడు పొరపాటున ట్రిపుల్ (మూడింతలు లెక్కించే లోపలి సన్నని వలయం) తగిలితే 60 అయి బస్ట్ అవుతుంది, అంటే మిగిలినదాన్ని మించిపోయి ఆ వంతు చెల్లదు. ట్రిపుల్ 12 తగిలినా 36 పోయి 16 మిగులుతుంది, చేతిలో ఇంకా రెండు డార్టులుంటాయి. 20నే వేయదలచుకుంటే ట్రిపుల్‌కూ డబుల్‌కూ నడుమనున్న వెడల్పు భాగంలో, కాస్త డబుల్ వైపుకే వేయండి, ఎందుకంటే అది డబుల్‌లో పడినా 12 మిగులుతుంది.

ప్రశ్న అడిగినవారు:
నిన్న నాకు జరిగింది సరిగ్గా అదే. కోరినప్పుడు ఏనాడూ పడని ట్రిపుల్ 20, వద్దనుకున్నప్పుడు నడిమధ్యన గుచ్చుకుంది.