కొల్లేరు గట్లు, గుంటుపల్లి కొండ: గ్రావెల్ సైకిల్‌కి ఏ దారి ఎప్పుడు?

ప్రశ్న (హైదరాబాద్ నుంచి)

నమస్తే అండి. ఆరు నెలల కిందట గ్రావెల్ సైకిల్ (తారు రోడ్డు మీదా, మట్టి దారుల మీదా తొక్కేది) కొన్నాను. 40 మిల్లీమీటర్ల టైర్లు, డిస్క్ బ్రేకులు. ఇప్పటిదాకా వికారాబాద్ అనంతగిరి వైపు మాత్రమే తొక్కాను. డిసెంబరు చివర్లో ఏలూరు మా అత్తగారింటికి వస్తున్నాం, సైకిల్ కూడా తెస్తున్నాను. రెండు రోజులు పొద్దున్నపూట ఖాళీ దొరుకుతుంది. ఒకరోజు కొల్లేరు, ఒకరోజు ఏదైనా కొండ చూడాలని ఆశ.

మ్యాపులో కొల్లేరు నిండా సన్నటి గీతల్లా దారులు కనిపిస్తున్నాయి. ఆటపాక పక్షుల కేంద్రం చూసి, ఆ గీతలు పట్టుకుని అడ్డంగా ఏలూరు వచ్చేయొచ్చా? మా మామగారు "ఆ గట్ల మీదికి పోవద్దు బాబూ" అంటున్నారు. ఎందుకో చెప్పడం లేదు. అదే టెన్షన్.

జవాబు (ఏలూరు నుంచి)

మీ మామగారి మాట వినండి. కొల్లేరు వదిలేయమని కాదు, అడ్డదారి ఆలోచన వదిలేయండి. ఎందుకో నేను చెప్తాను.

మ్యాపులో మీకు కనిపించేవి దారులు కావు, చేపల చెరువుల గట్లు. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో అభయారణ్యం లోపలి చెరువుల గట్లను ప్రభుత్వం కొట్టించేసింది. చాలాచోట్ల గట్టు మొండిగా మిగిలిపోయింది. పైనుంచి తీసిన ఫొటోలో గీత కలిసినట్టే ఉంటుంది, దగ్గరికి వెళ్తే మధ్యలో గండి, అందులో నీళ్లు, గుర్రపుడెక్క. మూడు కిలోమీటర్లు పోయి మళ్లీ ఆ మూడూ వెనక్కి తొక్కాలి.

రెండోది మట్టి. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం ఇదే. కొల్లేరు పల్లం. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య లోతట్టు. బుడమేరు, తమ్మిలేరు లాంటివన్నీ వచ్చి ఇందులోనే పడతాయి, సముద్రంలోకి పోవడానికి ఉప్పుటేరు ఒక్కటే దారి. అడుగున అంతా నల్లటి బంకమట్టి. ఎండితే సిమెంటు రోడ్డులా ఉంటుంది, హాయిగా తొక్కొచ్చు. చిన్న జల్లు పడిందా, అంతే సంగతి.

నిరుడు నవంబరులో గుడివాకలంక వైపు ఒక గట్టు ఎక్కాను. రాత్రి కురిసింది పెద్ద వానేం కాదు, పొద్దున్నకి పైపైన ఆరినట్టే కనిపించింది. రెండు వందల మీటర్లు వెళ్లేసరికి ముందు చక్రం తిరగడం మానేసింది. టైరుకీ ఫోర్కుకీ మధ్య మట్టి ముద్దలా పేరుకుపోయింది, అందులో గడ్డి పీచు కలిసి తాడులా బిగుసుకుంది. వేళ్లతో లాగితే రాలేదు. నేను మొండిగా పెడల్ నొక్కాను. వెనక గేర్ల హ్యాంగర్ (గేరు మార్చే భాగాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే చిన్న లోహపు ముక్క) ఠప్పున విరిగిపోయింది. చెరువు కాపలా ఉన్న పెద్దాయన ఒకరు తాటిమట్ట ముక్క చెక్కి తెచ్చి, మేత కలిపే బకెట్టుతో నీళ్లు పోస్తూ, పావుగంట కూర్చుని మొత్తం గీకి పెట్టారు. రోడ్డు దాకా సైకిల్ భుజానే మోశాను. అందుకే చెప్తున్నాను: పల్లంలో మట్టి గట్టు ఎక్కాలంటే, వాన వెలిశాక కనీసం మూడు రోజులు గట్టి ఎండ కాయాలి.

మెట్ట అలా కాదు. ఏలూరు నుంచి ఉత్తరంగా పెదవేగి దాటాక నేల ఎర్రబడుతుంది. రాళ్లు కలిసిన ఎర్రమట్టి, నీళ్లు నిలవవు. రాత్రి వాన పడినా మర్నాడు పొద్దున్న తొక్కొచ్చు. దుమ్ము అణిగి ఇంకా బాగుంటుంది కూడా. కాబట్టి ఏ రోజు ఎటు అనేది ముందే ఖాయం చేసుకోకండి. వాన పడితే మెట్ట ముందు, కొల్లేరు తర్వాత.

కొల్లేరు రోజు ఇలా పెట్టుకోండి. తెల్లారక ముందే ఏలూరులో బయల్దేరి కైకలూరు రోడ్డు పట్టుకోండి. ఇది తారు రోడ్డే, కానీ సరస్సు మధ్యలోంచి పోతుంది. పెదఎడ్లగాడి వంతెన దగ్గర ఆగి రెండు వైపులా చూడండి. వరదల్లో ఈ రోడ్డు మీదికే నీళ్లొస్తాయి. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు నీళ్లు చివరికి చేరింది ఈ కొల్లేరుకే. డిసెంబరు చివరికి మామూలుగా ఆ భయం ఉండదు. కైకలూరు నుంచి ఆటపాక రెండు కిలోమీటర్లే. చలికాలం గూడబాతులతో (పెలికాన్లు) నిండిపోయి ఉంటుంది. అటవీశాఖ వాళ్లు నీళ్లలో ఇనుప స్టాండ్లు నిలబెట్టారు, వాటి మీద గూళ్లు కట్టుకుంటాయి. గేటు దగ్గర అడిగి, సైకిల్ అక్కడే పెట్టి నడవండి. గూళ్ల కింద గట్టు మీద సైకిల్ తొక్కడం, డ్రోన్ ఎగరేయడం దయచేసి వద్దు. తల్లి లేస్తే గూట్లో పిల్లలు ఎండకి మాడిపోతాయి.

ఓపిక ఉంటే అక్కడినుంచి కొల్లేటికోట పెద్దింట్లమ్మ గుడి దాకా వెళ్లి రండి.

కైకలూరు నుంచి ఒకరు

పైన అన్న చెప్పినవన్నీ నిజం. మాకు చెరువులు ఉన్నాయి కాబట్టి నా వైపు నుంచి రెండు మాటలు.

గట్టు అంటే అది ఒకరి సొంతం, లేదా ఒకరి లీజు. లోపల లక్షల రూపాయల శీలావతి, బొచ్చె చేపలు పెరుగుతుంటాయి. రాత్రిపూట దొంగతనాలు జరుగుతాయి కాబట్టి తెల్లవారుజామున తలకి లైటు పెట్టుకుని ఎవరైనా వస్తే కాపలా వాళ్లకి అనుమానం రావడం సహజం. పాక దగ్గర ఆగి "ఏమండీ, ఈ గట్టు అవతల రోడ్డుకి కలుస్తుందా?" అని అడగండి. దారీ తెలుస్తుంది, మనిషీ తెలుస్తాడు. చాలాసార్లు టీ కూడా ఇస్తారు.

కుక్కల విషయం. ప్రతి పాకకీ రెండు మూడు ఉంటాయి. స్పీడు పెంచి తప్పించుకుందాం అనుకోవద్దు, గట్టు ఇరుకు, జారితే చెరువులోకే. దిగండి, సైకిల్ మీకూ కుక్కకీ మధ్య ఉంచుకోండి, కాపలా ఆయన్ని గట్టిగా పిలవండి. ఆయన ఒక్క మాటంటే అవే వెనక్కి పోతాయి. ఏరియేటర్ల (చెరువు నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) కరెంటు వైర్లు కొన్నిచోట్ల గట్టుకి అడ్డంగా నేల మీదే పడి ఉంటాయి. వాటి మీదినుంచి పోనివ్వకండి, సైకిల్ పక్కన పెట్టి కాపలా ఆయన్ని పిలిచి అడగండి. ఇంకోటి, చేపలు పట్టే రోజుల్లో ఐసు లారీలు ఈ రోడ్ల మీద వరసగా తిరుగుతాయి. చేపల నీళ్లు కారి తారు రోడ్డు కూడా జారుతుంది. మలుపుల్లో మెల్లగా వెళ్లండి.

అడిగినవారు

చాలా థాంక్స్ అన్నా, మీకూ థాంక్స్ అండి. మామగారికి చదివి వినిపించాను, "అదే కదా నేను చెప్పింది" అన్నారు. మరి కొండ రోజు? టైర్లలో గాలి ఎంత పెట్టాలి? నా బరువు 72 కిలోలు, టైర్లు ట్యూబులెస్ (లోపల ట్యూబు లేకుండా) చేయించుకున్నాను.

జవాబు (ఏలూరు నుంచి)

కొండకి గుంటుపల్లి వెళ్లండి. జీలకర్రగూడెం దగ్గర బౌద్ధ గుహలు. పెదవేగి మీదుగా కామవరపుకోట, అక్కడినుంచి గుహలు. పోనూ రానూ తొంభై కిలోమీటర్ల దాకా లెక్కేసుకోండి. అంత వద్దనుకుంటే కామవరపుకోట దాకా కారులో సైకిల్ వేసుకెళ్లి అక్కడ మొదలుపెట్టండి.

మెయిన్ రోడ్డు పక్కనే పామాయిల్ తోటల మధ్య పుంతలు (మట్టి బండిదారులు) బోలెడు. మా వైపు గ్రావెల్ అంటే రోడ్లకీ స్థలాలకీ తోలే ఎర్రమట్టి. ఊళ్లో "కామవరపుకోటకి గ్రావెల్ రోడ్డు ఉందా అండి?" అని అడిగితే చాలు, మీకు కావలసిన దారే చూపిస్తారు. తోటల్లో నరికేసిన మట్టలు దారి అంచున పడేసి ఉంటాయి, వాటి మొదట్లో ముళ్లు మేకుల్లా ఉంటాయి. దారి మధ్యలోనే ఉండండి. మట్టల కుప్పల మీద కూర్చోవద్దు, పక్కన చెయ్యి పెట్టొద్దు. రక్తపింజరలు ఉండేది అక్కడే.

గాలి ముందు టైరులో 32, వెనక టైరులో 35 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) పెట్టి చూడండి. రాళ్ల మీద రిమ్ము తగులుతున్నట్టు అనిపిస్తే మూడు పెంచండి. సీలెంట్ (టైరు లోపల పోసే, చిల్లులు మూసే ద్రవం) పోసి మూడు నెలలు దాటి ఉంటే కొత్తది పోయించండి. సర్కారు తుమ్మ ముల్లు దిగితే అదే కాపాడాలి. ఒక ట్యూబు, హ్యాంగర్ ఒకటి అదనంగా తెచ్చుకోండి. హ్యాంగర్ ఒక్కో సైకిల్‌కి ఒక్కో రకం, ఇక్కడ షాపుల్లో దొరకదు. నాది రావడానికి పన్నెండు రోజులు పట్టింది.

జానంపేట వైపు పోలవరం కుడికాలవ గట్టు కూడా తొక్కడానికి బాగుంటుంది. కాలవ నిండుగా ఉంటే లోపలి అంచుకి దిగకండి, కాలవ లోపలి సిమెంటు లైనింగ్ నున్నగా ఉంటుంది, పట్టు దొరకదు.

కొండ పైకి మెట్లే, సైకిల్ కిందే. గుండ్రటి చైత్యం (బౌద్ధుల ప్రార్థన గుహ) లోపలికి వెళ్లి తలెత్తి చూడండి. పూరింటి కప్పుకి వేసిన వాసాల్లాగా రాతిలోనే ఒక్కొక్కటీ చెక్కారు. కర్రతో ఇల్లు కట్టడం తెలిసిన చేతులు రాతిని కూడా అలాగే పట్టుకున్నాయి. క్రీస్తు పూర్వపు పని అది. నేను ఎన్నిసార్లు వెళ్లినా అక్కడ పది నిమిషాలు నిలబడిపోతాను.

పైన నీళ్లు దొరకవు. కామవరపుకోటలోనే రెండు సీసాలూ నింపుకోండి. సైకిల్‌కి తాళం వేయండి, షూ క్లీట్లవి (పెడల్‌కి బిగిసే అడుగు ఉన్నవి) అయితే మెట్లకి చెప్పులు బ్యాగులో పెట్టుకోండి.

అడిగినవారు

హ్యాంగర్ ఇవాళే ఆర్డర్ పెట్టాను. 27న దిగుతున్నాం. బయల్దేరే ముందు రోజు వాన సంగతి ఇక్కడే అడుగుతాను.

కైకలూరు నుంచి ఒకరు

అడగండి. మా చెరువు గట్టు ఎలా ఉందో పొద్దున్నే ఫొటో తీసి పెడతాను.