నాచెజ్‌లో శని, ఆదివారాలు: ఏవి చూడాలి, ఏవి వదిలేయాలి?

వచ్చే నెల హ్యూస్టన్ నుంచి కార్లో మిసిసిపీ నది ఒడ్డున ఉన్న నాచెజ్‌కి వెళ్తున్నాం. అమ్మ కూడా వస్తోంది, మోకాళ్ల నొప్పులతో ఎక్కువ మెట్లెక్కలేదు. 1861లో అంతర్యుద్ధం రావడంతో పని ఆగిపోయి, పై అంతస్తులు ఇప్పటికీ ఇటుక గోడలతోనే ఉండిపోయిన ఎనిమిది మూలల లాంగ్‌వుడ్ భవనం మాత్రం వదలను. అలాగని పత్తి దొరల భవనాలు మాత్రమే చూసి రావడం నాకిష్టం లేదు. బానిసల సంత జరిగిన ఫోర్క్స్ ఆఫ్ ది రోడ్, బానిసగా పుట్టి, విముక్తుడై, బార్బర్‌గా స్థిరపడి ఏళ్ల తరబడి డైరీ రాసిన విలియం జాన్సన్ ఇల్లు, నాచెజ్ తెగవారి మట్టి దిబ్బలున్న గ్రాండ్ విలేజ్ కూడా నా లిస్టులో ఉన్నాయి.

వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి: లాంగ్‌వుడ్‌లో అమ్మకి ఇబ్బందవుతుందా? అది చూశాక మెల్రోస్ అనే మరో పాత భవనం కూడా చూడాలా? అక్కడి గైడ్లు బానిసల బతుకుల గురించి చెప్తారా, లేక ఫర్నిచర్ గొప్పలేనా?